కేప్ ఎపిక్‌కు ఇద్దరి సాధన: నవంబరు నుంచి ఏప్రిల్ దాకా

దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ కొండల్లో ఏటా మార్చి నెలలో జరిగే కేప్ ఎపిక్‌ను ఎనిమిది రోజుల మౌంటెన్ బైక్ పందెం అని చెబితే సగమే చెప్పినట్టవుతుంది. 2004లో కెవిన్ వెర్మాక్ ప్రారంభించిన ఈ పోటీలో ఇద్దరు కలిసి ఒక జట్టుగా దిగాలి. దారి పొడవునా ఆ ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించిన ఎడం ఉండకూడదు. ఉంటే జట్టు సమయానికి జరిమానా కలుపుతారు. ఒక ప్రోలోగ్ (మొదటి రోజు జరిగే చిన్న పందెం), ఆ తరువాత రోజుకొకటి చొప్పున ఏడు స్టేజీలు, మొత్తం మీద 600 నుంచి 700 కిలోమీటర్ల దూరం, 15,000 మీటర్లకు పైబడిన ఎక్కుడు. మార్గం ఏటా మారుతుంది గానీ ఈ లెక్క పెద్దగా మారదు. ఒక్కడే ఎంత బలంగా తొక్కగలడన్నది ఈ పోటీలో రెండో ప్రశ్న. ఇద్దరూ ఒకే వేగంతో ఎంతసేపు తొక్కగలరన్నదే మొదటి ప్రశ్న. మా సాధన అంతా ఈ మొదటి ప్రశ్న చుట్టూనే సాగింది కాబట్టి, ఇలాంటి పోటీకి సిద్ధమయ్యే ఇతర జంటలకు ఉపయోగపడే వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నవంబరు

నేను కేప్‌టౌన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నా జోడీ మా అక్క భర్త. ఆయన జొహన్నెస్‌బర్గ్‌లో ఉంటారు. ఇద్దరికీ నలభై దాటింది కనుక మాస్టర్స్ విభాగంలో నమోదయ్యాము. వేర్వేరు ఊళ్లలో ఉండి ఒకే జట్టుగా సాధన చేయడంలో ఉన్న అసలు చిక్కు దూరం కాదు, ఎత్తు. జొహన్నెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు తక్కువ కావడం వల్ల, అంతే కష్టపడినా తొక్కే బలాన్ని కొలిచే పవర్ మీటర్‌లో వాట్లు తక్కువగా కనిపిస్తాయి. అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఇద్దరం ఇంచుమించు సమానమే అనిపించింది. బావ కేప్‌టౌన్ వచ్చి నాతో కలిసి టోకాయ్ అడవి బాటల్లో తొక్కిన రోజున, ఎక్కుళ్లలో ఆయన నాకంటే చాలా బలవంతులని స్పష్టమైంది. దిగుళ్లలో మాత్రం నాకు అనుభవం ఎక్కువ.

అప్పటి నుంచి ఉమ్మడి సాధనకు వాట్లను కాక ఊపిరిని కొలతగా పెట్టుకున్నాము. ఎక్కుడులో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే అది రోజంతా నిలబడే వేగం; రెండు మూడు మాటలకే ఊపిరి తెగితే అది అరగంటకు మించి నిలవని వేగం. ఈ కొలతకు యంత్రం అక్కర్లేదు, పైగా పక్కనున్నవాడికి కూడా వినబడుతుంది.

డిసెంబరు

క్రిస్మస్ సెలవుల్లో బావ కుటుంబంతో సహా వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. స్టెల్లెన్‌బాష్ పక్కనున్న యోంకర్స్‌హుక్ లోయలోనూ, గ్రాబౌ తోటల మధ్యనున్న బాటల్లోనూ కలిసి తొక్కాము. ఎవరు ముందుండాలి, ఎవరు వెనకుండాలి అన్న విషయాన్ని ఈ నెలలోనే తేల్చుకున్నాము. ఆరు నెలల సాధనలో మాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిన నిర్ణయం ఇదేనని నా అభిప్రాయం.

ఎక్కుడులో నెమ్మదైనవాడు ముందుండాలి. చాలా జట్లు దీనికి తలకిందులుగా చేస్తాయి: బలవంతుడు ముందు నడుస్తాడు, రెండోవాడు ఆయన చక్రం వదలకూడదన్న పంతంతో తన శక్తికి కొద్దిగా మించి తొక్కుతూ వెళతాడు. ఆ కొద్దిపాటి అధిక శ్రమ ఒక కొండకు లెక్కలోకి రాదు, కానీ మూడు గంటల తరువాత కండరాల్లో ఇంధనంగా ఉండే గ్లైకోజెన్ నిల్వను కరిగించేస్తుంది, మిగిలిన దారంతా జట్టు నడకను కుంటుపరుస్తుంది. నెమ్మదైనవాడు ముందుంటే జట్టు వేగం దానంతటదే సరైన చోట కుదురుకుంటుంది, వెనకున్న బలవంతుడికి విశ్రాంతి కూడా దొరుకుతుంది. ఆ మిగిలిన బలాన్ని ఎదురుగాలి వీచే చదును దారుల్లో ఖర్చు పెట్టాలి. కేప్ ప్రాంతంలో వేసవిలో ఆగ్నేయపు గాలి తీవ్రంగా వీస్తుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ముందువాడి చాటున తొక్కేవాడికి దాదాపు పావు వంతు శ్రమ తగ్గుతుంది. అందుచేత చదునులో బావ ముందు, ఎక్కుడులో నేను ముందు. దిగుడులోనూ నేనే ముందు, కానీ ఆయనకు బాట కనిపించేటంత ఎడం ఉంచి, నేను ఎంచుకున్న గీత మీదే ఆయన చక్రం నడిచేలా.

ఎడం పాటించడానికి ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాము. సింగిల్ ట్రాక్ (ఒక్క సైకిలే పట్టే ఇరుకు బాట) మొదలయ్యే చోట వెనకవాడు "ఉన్నాను" అనాలి. మలుపు తిరిగాక ఆ మాట వినబడకపోతే ముందువాడు వేగం తగ్గించాలి. వెనక్కి తిరిగి చూడటం మంచిది కాదు, రాళ్ల బాటలో తల తిప్పితే హ్యాండిల్ కూడా తిరుగుతుంది.

సైకిళ్లను కూడా జంటగానే సిద్ధం చేసుకున్నాము. రెండూ 29 అంగుళాల చక్రాలవే; బ్రేక్ ప్యాడ్లు, గేర్లు మార్చే డిరైలర్‌ను పట్టి ఉంచే హ్యాంగర్, చైను లింకు రెండింటికీ ఒకటే రకం, కాబట్టి ఒక విడి భాగం ఇద్దరికీ పనికొస్తుంది. ముందు 32 పళ్ల చెయిన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం), వెనక 10 నుంచి 52 పళ్ల క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాల వరుస). ఇక్కడి ఇసుకరాయి టైరు పక్కగోడను కోసేస్తుంది, అందువల్ల బరువు కొంత పెరిగినా పక్కగోడ దిట్టంగా ఉన్న 2.4 అంగుళాల టైర్లే వేసుకున్నాము. నా బరువు 68 కిలోలు. ముందు చక్రంలో 20, వెనక 22 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి నాకు సరిపోయింది. ట్యూబ్‌లెస్ సీలెంట్ (ట్యూబు లేని టైరులో చిన్న రంధ్రాలను మూసే ద్రవం) ఎండల్లో తొందరగా ఆరిపోతుంది కనుక పోటీకి వారం ముందు కొత్తగా పోయాలి. పంపు, రెండు ట్యూబులు బావ దగ్గర. ప్లగ్గులు, చైను పనిముట్టు, విడి హ్యాంగర్ నా దగ్గర. టైరుకు రంధ్రం పడితే ప్లగ్గు పెట్టడం నా పని, గాలి కొట్టడం ఆయన పని. ఈ వరుసను ఇంటి వాకిట్లో మళ్లీ మళ్లీ అభ్యసించాము.

జనవరి

ఈ నెలంతా తిండి మీదే శ్రద్ధ పెట్టాము. ఐదారు గంటల స్టేజీలో గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి, అంత తినడానికి కడుపుకు కూడా అలవాటు చేయాలి. శక్తినిచ్చే తీపి జెల్లులు మూడు గంటల వరకు బాగానే ఉంటాయి, ఆ పైన తీపి నోటికి ఎక్కదు. అందుకని చింతపండు పులిహోరను కాస్త మెత్తగా వండి, పళ్లెంలో అదిమి, ముక్కలుగా కోసి రేకులో చుట్టుకున్నాము. 100 గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పులుపు, ఉప్పు చెమట పట్టిన నోటికి హితవుగా ఉంటాయి. పల్లీలు, శనగపప్పు మాత్రం వేయకూడదు, ఊపిరి వేగంగా పీల్చేటప్పుడు గొంతుకు అడ్డం పడతాయి.

ప్రతి ఇరవై నిమిషాలకు నా గడియారం మోగుతుంది, నేను "తిన్నావా బావా?" అని అడుగుతాను. ఎక్కుళ్లలో ఊపు మీద ఉన్నప్పుడు ఆయన తిండి మాట మరచిపోతారు. బలవంతుడి శక్తి హఠాత్తుగా పడిపోతే రెండోవాడు ఆయనను మోసుకుపోలేడు. నీళ్లు చల్లటి రోజుల్లో గంటకు అర లీటరు, ఎండ 30 డిగ్రీలు దాటితే ముప్పావు లీటరు, అందులో ఉప్పు కలిపి.

జొహన్నెస్‌బర్గ్‌లో బావ పని దినాల్లో మోడర్‌ఫాంటైన్ బాటల్లోనే తొక్కారు. తారు రోడ్డు మీద తప్పనిసరైతే పగటిపూట కూడా ముందూ వెనకా దీపాలు పెట్టుకోవాలని ఇద్దరం నియమం పెట్టుకున్నాము. 2011, 2012 సంవత్సరాల్లో క్రిస్టోఫ్ సౌసర్‌తో జంటగా కేప్ ఎపిక్ గెలిచిన దక్షిణాఫ్రికా రైడర్ బరీ స్టాండర్, 2013 జనవరిలో సాధన ముగించుకుని వస్తుండగా రోడ్డు మీద మినీబస్ టాక్సీ ఢీకొని మరణించారు. ఆయనకు అప్పటికి 25 ఏళ్లు. ఇక్కడ సైకిలు తొక్కేవాళ్లెవరూ ఆ సంగతిని మరచిపోలేదు.

ఫిబ్రవరి

వరుస రోజుల సాధనకు ఈ నెలను కేటాయించాము. శుక్రవారం మూడు గంటలు, శనివారం ఐదు, ఆదివారం నాలుగు. ఆ తరువాత రెండు రోజులు పూర్తి విశ్రాంతి. మొదటి రోజు కాళ్లు చెప్పేది నమ్మకూడదు. మూడో రోజు ఉదయం మొదటి ఎక్కుడులో కాళ్లు ఎలా ఉన్నాయో అదే అసలు పరీక్ష. నెల చివరికి ఆదివారపు వేగం శనివారంతో సమానంగా రావడం మొదలయ్యాక మాకు ధైర్యం కలిగింది.

జీను పుండ్ల గురించి బిడియపడకుండా రాయాలి, ఎందుకంటే ఇలాంటి పోటీల్లో కాళ్లు సత్తువగా ఉన్నా ఇవి మనిషిని దించేస్తాయి. తొక్కే ముందు ఒరిపిడి తగ్గించే చామోయ్ క్రీము, దిగిన పది నిమిషాల్లో తడి షార్ట్స్ విప్పి సబ్బుతో స్నానం, పూర్తిగా ఆరాక మిగిలిన రోజంతా లుంగీ. షార్ట్స్ ఐదు జతలైనా ఉండాలి, ఉతికినవి సరిగా ఆరకపోతే మరునాడు వాటిని తొడగకూడదు. అరచేతుల తిమ్మిరికి కాస్త లావుపాటి గ్రిప్పులు వేసుకున్నాను.

మార్చి

ప్రోలోగ్ ఇరవై కిలోమీటర్ల పైచిలుకే అయినా తేలికగా తీసుకోదగ్గది కాదు. జట్లను ఒక్కొక్కటిగా వదులుతారు, ఆ రోజు వచ్చిన స్థానాన్ని బట్టి మరునాటి స్టార్ట్ బ్యాచ్ (కలిసి బయలుదేరే గుంపు) నిర్ణయమవుతుంది. వెనక బ్యాచ్‌లో పడితే మొదటి గంటంతా దుమ్ము పీలుస్తూ, సింగిల్ ట్రాక్ మొదట్లో వరుస కట్టి నిలబడాల్సి వస్తుంది. మేము మధ్య బ్యాచ్‌లో పడ్డాము, మా వేగానికి అది తగిన చోటే.

హెర్మానస్ పరిసరాల స్టేజీల్లో ఇసుక మమ్మల్ని బాగా శ్రమపెట్టింది. ఇసుకలో తేలికైన గేరు వేసి, బరువు వెనక్కి జరిపి, ముందు చక్రాన్ని దాని దారిన పోనివ్వాలి. హ్యాండిల్‌ను బలవంతంగా తిప్పితే చక్రం దిగబడుతుంది. ఇక్కడ వెనకవాడు పది మీటర్ల ఎడం ఉంచుకోవాలి, ముందువాడు ఆగిపోతే పక్కకు తప్పుకునే వీలుండాలి. వాటర్ పాయింట్లలో ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు దొరుకుతాయి; నాలుగో గంటలో వాటిని మించిన ఆహారం లేదు. అక్కడ ఒకరు సీసాలు నింపుకుంటుంటే ఒకరు చైనుకు నూనె వేయడం మా పద్ధతి. ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు మిగిలాయి.

మధ్యలో వచ్చిన స్టేజీలు అన్నిటికంటే కష్టమైనవి. మూడో రాత్రి నుంచి గుడారంలో నిద్ర తగ్గింది, తెల్లవారుజామున ఐదు గంటలకే శిబిరం లేస్తుంది, తినాలని లేకపోయినా తినాలి. గ్రాబౌ దగ్గర ఒక పొడవైన ఎక్కుడులో నా వేగం పడిపోయింది. బావ వెనక నుంచి ఒక్క మాట కూడా తొందర పెట్టలేదు, గాలి ఎదురైన మలుపుల్లో మాత్రం ముందుకు వచ్చి చాటు ఇచ్చారు. డిసెంబరులో కుదుర్చుకున్న వరుస ఆ రోజున మమ్మల్ని కటాఫ్ సమయం (స్టేజీ ముగించాల్సిన గడువు) లోపల చేర్చింది. అదే రోజున ఒక రైడర్ ఒంటరిగా వెళ్లడం చూశాము. జోడీ గాయపడి తప్పుకుంటే మిగిలినవాడు ఔట్‌కాస్ట్ హోదాలో కొనసాగవచ్చు, కానీ జట్టు ర్యాంకింగులో చోటు ఉండదు. ఆయనను వాటర్ పాయింట్ దాకా మా చాటున తీసుకువెళ్లాము.

గ్రాబౌ నుంచి పడమటి వైపు కొండలు దాటడానికి గాంటౌ పాస్ అనే పాత ఎడ్లబండ్ల దారి ఒకటి ఉంది. బండి చక్రాల ఒరిపిడికి అక్కడి రాతిలో పడిన గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి. అది రక్షిత వారసత్వ స్థలం కాబట్టి పోటీ అటుగా వెళ్లినప్పుడు సైకిలు దిగి నడవాల్సిందే. ఇలాంటి చోట్ల కోసం అడుగున కొంత రబ్బరు ఉన్న బూట్లు కొనుక్కోవాలి. గట్టి కార్బన్ అడుగున్న రేసింగ్ బూట్లు రాతి మీద జారతాయి.

స్టెల్లెన్‌బాష్ చేరాక దారులు నాకు పరిచయమైనవే. యోంకర్స్‌హుక్ దిగుళ్లలో బావ నా చక్రం గీతను వదలకుండా వచ్చారు, డిసెంబరులో కాలు దించి ఆగిన రాళ్ల మెట్లను ఆగకుండా దిగారు. మాస్టర్స్ విభాగంలో మాకు మధ్య స్థానం దక్కింది. చివరి గీతను ఇద్దరం పక్కపక్కనే దాటాము, ఆ వారమంతటిలో నాకు కలిగిన ఆనందాల్లో అదే పెద్దది.

ఏప్రిల్

మొదటి రెండు వారాలు నడక మాత్రమే. ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరి పూర్తిగా పోవడానికి మూడు వారాలు పట్టింది. హ్యాండిల్ మీద అరచేతి అంచు నరం నొక్కుకుపోవడం వల్ల ఇలా జరుగుతుందని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు. అందుకని మెడ, భుజాల వ్యాయామం ఇప్పుడే మొదలుపెట్టాను.

ఈ పోటీని మూడుసార్లు పూర్తిచేసినవాళ్లను అమాబుబేసి బృందంలో చేర్చుకుంటారు. మాకు ఆ కోరిక కలిగింది, బావ ముందుగా అన్నారు. కేప్ ప్రాంతంలో మే నుంచి ఆగస్టు వరకు వర్షాలు కాబట్టి ఆ నాలుగు నెలలు నేను జిమ్‌లో బరువులెత్తి కాళ్లకు బలం తెచ్చుకోవాలి, బావ జొహన్నెస్‌బర్గ్ పొడి చలికాలంలో రాళ్ల దిగుళ్ల మీద పని చేయాలి. సెప్టెంబరులో ఆయన ఇక్కడికి వస్తారు. ఈసారి ఎక్కుళ్లలో నా వేగాన్ని పెంచి మా మధ్య ఉన్న తేడాను తగ్గించడం మీదే దృష్టి పెడతాము. టోకాయ్‌లోని అదే ఎక్కుడు మీద అదే ఊపిరి కొలతతో నవంబరు సమయాన్ని సరిచూసి, ఫలితాన్ని ఇక్కడ రాస్తాను.