క్రీస్తు మానవత్వాన్ని మనం ఎందుకు వదులుకోకూడదు

యేసుక్రీస్తు దేవుడా అని అడిగితే క్రైస్తవ విశ్వాసి తడుముకోకుండా అవునంటాడు. ఆయన మనిషా అని అడిగినా అవుననే అంటాడు కానీ, ఆ రెండో జవాబు చెప్పేటప్పుడు గొంతులో కాస్త తటపటాయింపు వినిపిస్తుంది. ఆయనకు ఆకలి వేసిందనీ, ఆయనకు తెలియని సంగతి ఒకటి ఉందనీ, మరణాన్ని తలచుకొని ఆయన కలత చెందాడనీ సువార్తలు చెప్పే చోట్లకు వచ్చేసరికి, అవి ఆయన గౌరవానికి తగవేమో అన్నట్లు తొందరగా దాటిపోయేవారిని చాలామందిని చూశాను. ఆ తటపటాయింపు భక్తిలోంచి పుట్టినదే అయినా, దానివల్ల మనం పోగొట్టుకొనేది చిన్నది కాదు. క్రీస్తు ఎవరో దాన్ని బట్టే ఆయన మనకోసం ఏమి చేయగలడన్నది ఉంటుంది. ఆయన అన్ని విధాలా మనిషి కాకపోతే, ఆయన చేసిన పనిలో మనుషులమైన మనకు భాగం ఉండదు.

ఆయన ఎవరు, ఆయన పని ఏమిటి అనే ఈ రెండు ప్రశ్నలూ ఎంతగా పెనవేసుకొని ఉన్నాయో మార్కు సువార్త 8వ అధ్యాయంలో చూడవచ్చు. ఫిలిప్పుదైన కైసరయ గ్రామాలకు వెళ్తూ దారిలో యేసు తన శిష్యులను, ప్రజలు నేను ఎవరినని చెప్పుకొంటున్నారని అడుగుతాడు. బాప్తిస్మమిచ్చు యోహానని కొందరు, ఏలీయా అని కొందరు, ప్రవక్తలలో ఒకడని మరికొందరు అంటున్నారని వాళ్లు చెబుతారు. మరి మీరేమంటారు అన్నప్పుడు పేతురు, నీవు క్రీస్తువు, అంటే దేవుడు అభిషేకించినవాడివి, అంటాడు. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయితే మనుష్యకుమారుడు (యేసు తన్ను తాను పిలుచుకొన్న పేరు ఇది) అనేక హింసలు పొందాలనీ, పెద్దలూ ప్రధానయాజకులూ శాస్త్రులూ ఆయనను విసర్జిస్తారనీ, చంపబడి మూడు దినాల తరువాత లేవాలనీ యేసు ఆ వెంటనే బోధించడం మొదలుపెట్టగానే, అదే పేతురు ఆయనను పక్కకు తీసుకొని గద్దించబోతాడు. సాతానా, నా వెనుకకు పొమ్ము అన్న కఠినమైన మాట ఆయన నోట వచ్చింది అప్పుడే. పేతురుకు బిరుదు తెలిసింది, ఆ బిరుదు గలవాడు చేయవలసిన పని మాత్రం మింగుడుపడలేదు. అభిషిక్తుడు గెలవాలి గాని చావకూడదు అనుకొన్నాడు. క్రీస్తును గురించిన తర్వాతి శతాబ్దాల వాదాలన్నిటిలోనూ ఈ ఇబ్బందే ఏదో ఒక రూపంలో మళ్లీ మళ్లీ తలెత్తిందని నాకనిపిస్తుంది.

దైవత్వాన్ని గురించిన వాదం ముందుగా తేలింది. అలెగ్జాండ్రియాలో సంఘ పెద్దగా ఉన్న ఆరియస్, కుమారుడు సృష్టి అంతటిలోకీ మొదటివాడూ గొప్పవాడూ అయినా సృష్టింపబడినవాడేననీ, ఆయన లేని కాలం ఒకటి ఉందనీ బోధించాడు. 325లో నైసియాలో కూడిన బిషప్పుల మహాసభ దానిని తోసిపుచ్చి, కుమారుడు తండ్రితో ఏకస్వభావం గలవాడని ప్రకటించింది. ఆ సభకు సంఘ పరిచారకుడిగా (డీకనుగా) వెళ్లి, ఆ తరువాత 328లో అలెగ్జాండ్రియాకు బిషప్పైన అథనేషియస్, ఈ నిర్ణయాన్ని కాపాడటానికి 5 సార్లు ప్రవాసం అనుభవించాడు. ఆయన వాదం పొడి తర్కం కాదు, రక్షణను గురించిన ఆందోళన. సృష్టింపబడినవాడు ఎంత ఉన్నతుడైనా సృష్టిని దేవునితో కలపలేడు, ఎందుకంటే అతనికీ దేవుడు పరాయివాడే. దేవుడే స్వయంగా దిగిరాకపోతే మనం రక్షింపబడలేదు. పైగా సంఘం మొదటినుంచీ క్రీస్తును ఆరాధిస్తూనే ఉంది. ఆయన సృష్టి మాత్రమే అయితే ఆ ఆరాధన అంతా విగ్రహారాధన అయి ఉండేది. మార్కు 2వ అధ్యాయంలో పక్షవాత రోగితో నీ పాపాలు క్షమించబడ్డాయని యేసు అన్నప్పుడు, దేవుడు తప్ప పాపాలు ఎవరు క్షమించగలరని శాస్త్రులు లోలోపల అనుకొంటారు. వాళ్ల ప్రశ్నను ఆయన కొట్టివేయడు. క్షమించే అధికారం తనకు ఉందని చూపించడానికే ఆ రోగిని లేపి నిలబెడతాడు.

ఇంతవరకూ చాలామందికి పేచీ లేదు. నేను చెప్పదలచుకొన్నది దీనికి అవతలి వైపు ఉన్న సంగతి. సంఘ చరిత్రలో తొలినాళ్లలోనే ఎదురైన తప్పుబోధల్లో ఒకటి యేసు దైవత్వాన్ని కాక ఆయన శరీరాన్ని కాదన్నది. ఆయన శ్రమపడినట్లు కనిపించాడే గాని నిజంగా శ్రమపడలేదని కొందరు చెప్పేవారు. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకొనని ఆత్మ దేవునిది కాదని యోహాను మొదటి పత్రిక హెచ్చరించేది ఇలాంటి బోధనే. రెండో శతాబ్దపు ఆరంభంలో రోమా నగరంలో చంపబడటానికి కాపలా నడుమ ప్రయాణిస్తున్న అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ తన లేఖల్లో దీనితోనే తలపడ్డాడు. క్రీస్తు బాధ వట్టి కనికట్టే అయితే తాను ఎందుకు ఈ సంకెళ్లలో ఉన్నానని ఆయన అడిగాడు. హింసను ఎదురుగా చూస్తున్న మనిషికి ఆ ప్రశ్న పండితుల చర్చ కాదు.

నాలుగో శతాబ్దంలో లవొదికయ బిషప్పు అపొల్లినారిస్ ఇంకొంచెం సున్నితమైన మాట చెప్పాడు. క్రీస్తుకు మానవ దేహం ఉంది, కానీ మానవ మనస్సు ఉండవలసిన చోట దైవిక వాక్యమే, అంటే దేవుని కుమారుడే, ఉన్నాడని ఆయన భావన. ఇది వినడానికి క్రీస్తును హెచ్చించినట్లే ఉంటుంది. నాజియాంజస్ వాడైన గ్రెగరీ క్లెడోనియస్ అనే సంఘ పెద్దకు రాసిన లేఖలో దీనికి ఇచ్చిన జవాబును నేను ఎన్నిసార్లు తలచుకొన్నా దాని బలం తగ్గదు: క్రీస్తు ఏ భాగాన్ని స్వీకరించలేదో అది స్వస్థత పొందకుండానే మిగిలిపోతుంది. పాపం మొదట పుట్టేది మన మనస్సులో, మన కోరికలో, మన నిర్ణయంలో. ఆ మనస్సునే ఆయన ధరించకుండా విడిచిపెట్టి ఉంటే, మనలో అన్నిటికన్నా ఎక్కువగా జబ్బుపడిన భాగాన్నే వైద్యుడు ముట్టుకోకుండా వెళ్లిపోయినట్లు అవుతుంది.

సువార్తలు ఈ మానవత్వాన్ని దాచవు. ఆయన జ్ఞానంలోనూ వయస్సులోనూ పెరిగాడని లూకా రాస్తాడు. ఆ దినం, ఆ గడియ ఎప్పుడో కుమారుడికీ తెలియదని మార్కు నిర్మొహమాటంగా రాస్తాడు. మార్కు 4వ అధ్యాయం చివర ఉన్న తుఫాను సంగతిని మెల్లగా చదవండి. రోజంతా దోనెలో కూర్చుని జనానికి బోధించిన తరువాత, సాయంకాలం అవతలి ఒడ్డుకు వెళ్దామని ఆయనే అంటాడు. శిష్యులు ఆయనను ఉన్నపాటున దోనెలో తీసుకొని బయలుదేరతారు. పెద్ద గాలి లేస్తుంది, అలలు దోనె మీద కొడుతుంటే అది నీటితో నిండిపోతూ ఉంటుంది, ఆయన మాత్రం వెనుక భాగంలో తలగడ మీద తల పెట్టుకొని నిద్రపోతూ ఉంటాడు. నాలుగు సువార్తల్లో మార్కు ఒక్కడే ఆ తలగడను ప్రస్తావించాడు. ఒళ్లు మరచి నిద్రించే మనిషి అక్కడ ఉన్నాడు. శిష్యులు లేపగానే అదే మనిషి గాలిని గద్దించి, సముద్రాన్ని నిశ్శబ్దమై ఊరకుండుమంటాడు, అది ఊరకుంటుంది. నిద్రపోయినవాడు ఒకడు, సముద్రాన్ని అణచినవాడు మరొకడు కాదు. అందుకే గాలి ఆగిన తరువాత శిష్యుల భయం తగ్గకపోగా ఇంకా పెరిగి, ఈయన ఎవరో అని ఒకరితో ఒకరు చెప్పుకొన్నారు.

ఆ ఒక్కడు ఎవరో చెప్పడానికి సంఘానికి 451 వరకు పట్టింది. ఆ ఏడాది కల్సెదోనులో కూడిన మహాసభ, క్రీస్తు దైవత్వంలో తండ్రితోనూ మానవత్వంలో మనతోనూ ఏకస్వభావం గలవాడనీ, పాపం ఒక్కటి తప్ప అన్నిటిలోనూ మనవంటివాడనీ, ఆయన రెండు స్వభావాలు కలగలిసిపోకుండా, మారిపోకుండా, విభజింపబడకుండా, విడిపోకుండా ఒకే వ్యక్తిలో ఉన్నాయనీ ఒప్పుకొన్నది. దైవత్వం, మానవత్వం ఎలా కలిశాయో ఆ నాలుగు మాటలు వివరించవు. ఎటువైపు అడుగువేస్తే దారి తప్పుతామో మాత్రం చెబుతాయి. రహస్యం ముందు ఇంతకన్నా నిజాయితీగా మాట్లాడటం సాధ్యం కాదని నేను అనుకొంటాను. కోప్టిక్, అర్మేనియన్, సిరియాక్ సంఘాలు ఆ సభ మాటలను అంగీకరించలేదు. అయినా క్రీస్తు సంపూర్ణ దేవుడూ సంపూర్ణ మానవుడూ అనే సంగతిని ఆ సంఘాలూ గట్టిగానే ఒప్పుకొంటాయి.

అక్కడితో వాదం ముగిసిపోలేదు. ఏడో శతాబ్దంలో, చీలిపోయిన సంఘాలను మళ్లీ కలపాలనే రాజకీయ అవసరంతో, క్రీస్తుకు స్వభావాలు రెండున్నా చిత్తం, అంటే సంకల్పం, ఒక్కటే అనే సూత్రాన్ని కాన్‌స్టాంటినోపుల్ పాలకులు ముందుకు తెచ్చారు. అది కుదరకపోవడంతో 648లో చక్రవర్తి రెండవ కాన్‌స్టాన్స్ అసలు ఈ విషయం మీద చర్చే జరగకూడదని శాసించాడు. మాక్సిమస్ అనే వృద్ధ సన్యాసి దానికి లొంగలేదు. ఆయన వేలు పెట్టి చూపించింది గెత్సేమనే తోటను. పట్టుబడిన రాత్రి అక్కడ యేసు నేలమీద పడి, నాయనా తండ్రీ, నీకు సమస్తమూ సాధ్యం, ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించు, అయినా నా ఇష్టప్రకారం కాదు, నీ చిత్తప్రకారమే కానిమ్మని ప్రార్థించాడు. తండ్రి చిత్తమూ కుమారుని దైవిక చిత్తమూ ఒక్కటే అయినప్పుడు, తోటలో ఆ గిన్నె నుండి, అంటే రాబోయే శ్రమ నుండీ మరణం నుండీ, వెనుదీసి, ఆ తరువాత లోబడిన ఆ ఇష్టం ఎవరిది? అది మానవ చిత్తమే అయి ఉండాలి. చావు అంటే సహజంగా వెనుకాడే చిత్తం అది. వెనుకాడటం పాపం కాదు. ఆ వెనుకాటులోనే, ఎవరి బలవంతమూ లేకుండా, అది దేవుని చిత్తానికి అవునంది. ఏదెను తోటలో మనిషి కాదన్న చోట గెత్సేమనేలో మనిషి అవునన్నాడు. ఆ అవును దేవుడు మనిషి చేత పలికించినది కాదు, దేవుని కుమారుడు మనిషిగా తానే పలికినది. ఈ మాటను విడిచిపెట్టనందుకు 662లో మాక్సిమస్ నాలుకనూ కుడిచేతినీ నరికి, నల్లసముద్రపు తూర్పు తీరానికి ప్రవాసం పంపారు. ఆయన ఆ ఏడాదే అక్కడ మరణించాడు. 20 ఏళ్లు నిండకముందే, 680–681లో కాన్‌స్టాంటినోపుల్‌లోనే కూడిన మహాసభ, క్రీస్తుకు దైవిక చిత్తమూ మానవ చిత్తమూ రెండూ ఉన్నాయని తీర్మానించింది.

సిలువ మీద ఏమి జరిగింది అనే ప్రశ్నకు మహాసభలేవీ ఇలాంటి సూత్రాన్ని నిర్ణయించలేదు. విడుదలకు చెల్లించిన క్రయధనమని, మరణం మీదా సాతాను మీదా గెలుపు అని తొలి రచయితలు వర్ణించారు. 1098 ప్రాంతంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్, మనిషి చెల్లించవలసిన రుణం దేవుడు మాత్రమే చెల్లించగలిగేది గనుక చెల్లించేవాడు దేవుడూ మనిషీ అయి ఉండాలని వాదించాడు. క్రీస్తు మన స్థానంలో శిక్ష భరించాడని 16వ శతాబ్దపు ప్రొటెస్టంట్ సంస్కరణవాదులు నొక్కి చెప్పారు. వీటిలో ఒకదాన్ని ఎత్తిపట్టి మిగిలినవాటిని పక్కకు నెట్టడం నాకు సమ్మతం కాదు, లేఖనాలే వీటన్నిటికీ చోటిచ్చాయి. అయితే ఏ వర్ణనను తీసుకొన్నా అది నిలబడేది ఒకే ఆధారం మీద. హెబ్రీయులకు రాసిన పత్రిక చెప్పినట్లు, ప్రజల పాపాలకు పరిహారం చేసే ప్రధానయాజకుడు కావడానికి ఆయన అన్ని విషయాలలోనూ తన సహోదరులవంటివాడు కావలసి వచ్చింది. యాజకుడు మనుషులలోనుండి ఏర్పరచబడాలి. బయటివాడు ఎంత గొప్పవాడైనా మన తరఫున బలిపీఠం ముందు నిలబడలేడు.

ఆ మానవత్వం సమాధితో ముగిసిపోలేదనేది కూడా చాలామంది మరచిపోయే సంగతి. తిరిగి లేచిన ప్రభువు భూతమేమోనని శిష్యులు జడిసినప్పుడు ఆయన తన చేతులూ పాదాలూ చూపించి, తినడానికి ఏమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేపముక్క తీసుకొని వాళ్ల ఎదుటే తిన్నాడు. ఆరోహణంలో ఆయన ఆ దేహాన్ని విడిచిపెట్టి వెళ్లలేదు. దేవునికీ మనుషులకూ మధ్యవర్తి ఒక్కడే, ఆయన క్రీస్తుయేసు అనే నరుడు అని తిమోతికి రాసిన మొదటి పత్రిక చెబుతున్నది ఆరోహణమైపోయిన తరువాతి మాట. నేను ప్రార్థించేటప్పుడు నా మాటను తండ్రి ముందు ఉంచేవాడు అలసటనూ శోధననూ కన్నీళ్లనూ తన దేహంలోనే ఎరిగినవాడు, ఇప్పటికీ ఆ దేహంతోనే ఉన్నవాడు. అందుకే ఆయన దగ్గర నేను లేని ధైర్యాన్ని నటించనక్కరలేదు.

కడపట సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి వచ్చేది కూడా ఆయనేనని సంఘం ఒప్పుకొంటుంది. తీర్పు అనగానే మనం ఆయన దైవత్వాన్నే తలచుకొంటాం. యోహాను సువార్త 5వ అధ్యాయం మాత్రం దానికి వేరే కారణం చెబుతుంది: ఆయన మనుష్యకుమారుడు గనుకనే తండ్రి తీర్పు తీర్చే అధికారాన్ని ఆయనకు అప్పగించాడు.