304ఎ నుంచి 304 రెండో భాగానికి: మా తమ్ముడి కేసులో నా అనుభవం

మా తమ్ముడి ప్రాణం తీసిన కారు ప్రమాదంలో పోలీసులు మొదట పెట్టిన సెక్షన్ భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 304ఎ. నిర్లక్ష్యం వల్ల మరణం కలిగించడం కింద వచ్చే ఈ నేరానికి గరిష్ఠ శిక్ష రెండేళ్లు, పైగా స్టేషన్ బెయిలు దొరుకుతుంది. (2024 జూలై 1 తర్వాతి ఘటనలకు వర్తించే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 106(1)లో ఇది ఐదేళ్లయింది.) తాగి నడిపినవాడికి ఇది చాలదని ఇంటిల్లిపాదీ అన్నాం. పదేళ్ల వరకు శిక్ష ఉన్న 304 రెండో భాగానికి (హత్య కిందకు రాని నరహత్య) చంపాలన్న ఉద్దేశం రుజువు కానక్కరలేదనీ, తన పనివల్ల ప్రాణం పోయే అవకాశం ఉందని అతనికి తెలుసునని మాత్రం రుజువు కావాలనీ మా న్యాయవాది వివరించి, ముంబయిలో 2006లో ఏడుగురు చనిపోయిన అలిస్టర్ పెరీరా కేసులో, తాగి నడిపినవాడికి ఇదే సెక్షన్ కింద పడిన శిక్షను సమర్థిస్తూ సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు చదవమన్నారు.

రక్తంలో మద్యం చట్టం అనుమతించిన 30 మిల్లీగ్రాములను (100 మిల్లీలీటర్ల రక్తానికి) దాటిందని ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్‌ఎస్‌ఎల్) రిపోర్టు, బ్రేకులు బాగానే ఉన్నాయని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) రిపోర్టు వచ్చాయి. తాగాడని తేలింది గాని, ప్రమాదం తెలిసే నడిపాడని చెప్పడానికి అవి సరిపోవు. ఆ లోటు తీర్చింది రోడ్డు పక్కన టిఫిన్ బండి పెట్టుకున్న ఒక పెద్దాయన. ఘటనకు కాస్త ముందు అదే కారు ఆయన బండిని రాసుకుంటూ వచ్చి ఆగిందట. "బాబూ, నిలబడలేకపోతున్నావు, తాళాలు ఇటివ్వు, ఆటో పిలుస్తాను" అని ఆయన అంటే, చెయ్యి విదిలించుకుని మళ్లీ కారెక్కాడట. కోర్టుల చుట్టూ తిరిగితే పూట గడవదని ఆయన భయపడ్డారు, అది న్యాయమైన భయమే. ఆయన భార్యే నచ్చజెప్పి పంపింది.

ఆయన వాంగ్మూలం, ఎదుటి పెట్రోల్ బంకు సీసీటీవీ, దాన్ని కోర్టులో సాక్ష్యంగా చూపడానికి కావలసిన 65బి సర్టిఫికెట్ చేరాక దర్యాప్తు అధికారి సెక్షన్ మార్పు మెమో వేశారు. కేసు మేజిస్ట్రేటు నుంచి విచారణ కోసం సెషన్స్ కోర్టుకు కమిట్ అయింది (పంపబడింది). చీకట్లో మనిషిని ఎలా గుర్తుపట్టావని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ముద్దాయి తరఫు న్యాయవాది ఎంత గుచ్చి అడిగినా, "నా బండి లైటు కిందే నిలబడ్డాడండీ" అన్న మాట మీదే పెద్దాయన నిలబడ్డారు. అంత స్పష్టంగా వారించినా నడిపినవాడికి జరగబోయేది తెలియదనడం నమ్మదగినది కాదని న్యాయమూర్తి తీర్పులో రాసి, 304 రెండో భాగం కిందే శిక్ష వేశారు. ముద్దాయి హైకోర్టుకు అప్పీలు వెళ్లాడు. అక్కడ వాదన మళ్లీ ఆ వాంగ్మూలం మీదే జరుగుతోంది.