వెనక కుర్చీ, ఆకలి మాట

గురువారం, రాత్రి పదిన్నర

పాప ఇప్పుడే పడుకుంది. గిన్నెలు కడగడం పక్కన పెట్టి ఇది రాస్తున్నా. రేపటికి ఇందులో సగం మర్చిపోతాను.

పొద్దున్నుంచీ డబ్లిన్‌లో సన్న తుంపర. ఇంటి నుంచే పని కాబట్టి రెండు మీటింగుల మధ్య గొడుగేసుకుని పోయి, రెండున్నరకి పాపని స్కూల్ నుంచి తెచ్చుకున్నా. ఇవాళ ఏం చేశారని దారిలో అడిగితే, “వాళ్లంతా ప్రార్థనలు నేర్చుకున్నారు. నేను వెనక కూర్చుని కుందేలుకి రంగులేశా” అంది.

సెకండ్ క్లాసు పిల్లలకి మే నెలలో ఫస్ట్ కమ్యూనియన్, అంటే కాథలిక్ పిల్లలు చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే వేడుక. క్లాసంతా దానికి తయారవుతోంది, మా పాపా మరో ముగ్గురూ తప్ప. దాన్ని ఆ పాఠం నుంచి మినహాయించమని సంతకం పెట్టిచ్చింది నేనే. టీచరు మంచి మనిషి. పాప బాధపడుతూ ఏమీ చెప్పలేదు. అయినా ‘వెనక కూర్చుని’ అన్న మాట దగ్గర నా గొంతులో ఏదో అడ్డం పడింది.

ఈ ఐర్లండ్ దేశంలో పది ప్రైమరీ స్కూళ్లుంటే దాదాపు తొమ్మిది కాథలిక్ చర్చి ఆధ్వర్యంలోనే నడుస్తాయి. సీట్లు చాలకపోతే బాప్టిజం అయిన పిల్లలకి ముందు ఇచ్చే పద్ధతిని వీటిలో 2018 చట్టంతో ఆపేశారు. ఆశ్చర్యమేమిటంటే, 1831లో నేషనల్ స్కూళ్లు మొదలుపెట్టినప్పటి ఆలోచన ఈ చర్చి బడుల పద్ధతికి పూర్తిగా వ్యతిరేకం. అన్ని మతాల పిల్లలూ ఒకే గదిలో చదువుకోవాలి, మతబోధ మాత్రం విడిగా జరగాలి అనుకున్నారు. చర్చిలు ఒప్పుకోలేదు. ఎవరి వైపు వాళ్లు లాక్కుని, చివరికి ఎవరి బడి వాళ్లు చేసుకున్నారు.

నాలుగింటికి పాప ఐరిష్ హోంవర్క్ తీసుకుని పక్కింటి అవ్వ దగ్గరికి పరిగెత్తింది. ఎనభై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. సొంతూరు రాస్‌కామన్ కౌంటీ. పాప ఆమెను ‘అవ్వా’ అనే పిలుస్తుంది. ఆ మాటకి అర్థం చెప్పిన రోజు ఆమె కళ్లు తుడుచుకుంది. మీటింగ్ అయ్యాక నేనూ వెళ్లా.

ఈ వారం పాఠం ‘టా ఒక్రస్ ఒరమ్’. అంటే ‘నా మీద ఆకలి ఉంది’ అని. ఇంగ్లీషులో ఆకలిగా ఉన్న మనిషి నేను. ఐరిష్‌లో ఆకలి ఎక్కడి నుంచో వచ్చి నా మీద కూర్చుంటుంది. “మనం కూడా ఆకలేస్తోంది అంటాం కదమ్మా, చలేస్తోంది, భయమేస్తోంది అన్నట్టు” అంది పాప. ఏడేళ్ల పిల్లకి తట్టింది నాకు తట్టనే లేదు.

ఆ ఒక్క మాట మీద అవ్వ గంటసేపు మాట్లాడింది. పేద కూలీ రోజూ ఐదు కిలోలకు పైగా బంగాళాదుంపలే తిని బతికేవాడట. 1845లో దుంపకి తెగులు పట్టింది. 1852కల్లా పది లక్షల మంది ఆకలికి, జ్వరాలకి పోయారు. ఇంకో పది లక్షల మందికి పైగా ఓడలెక్కారు. అవ్వ వాళ్ల కౌంటీలో పదేళ్లలో దాదాపు మూడో వంతు జనం లేకుండా పోయారు. స్ట్రోక్స్‌టౌన్ జమీందారు డెనిస్ మహాన్, కౌళ్లు కట్టలేని రైతుల్ని కుటుంబాలతో సహా దాదాపు 1,500 మందిని 1847లో కెనడా ఓడలెక్కించాడు. ఎంతోమంది ఆ ప్రయాణంలోనే పోయారు. అదే ఏడాది నవంబర్‌లో ఎవరో ఆయన్ని కాల్చి చంపారు. ఇంత జరుగుతున్నా ఇక్కడి ధాన్యం, పశువులు ఓడల్లో బయటికి పోతూనే ఉన్నాయి.

మా జేజి ధాత కరువు గురించి చెప్పేది, 1876 నాటిది. ఆమె కూడా చూడలేదు, వాళ్ల అవ్వ చెబితే వింది. ఇక్కడి కరువప్పుడూ, అక్కడి కరువప్పుడూ పాలించింది విక్టోరియా రాణే. పక్కింటి అవ్వకి ఈ మాట చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తర్వాత సూపు సంగతి చెప్పింది. 1847 వేసవిలో ప్రభుత్వ గంజి కేంద్రాలు రోజుకి ముప్పై లక్షల మందికి పోశాయి. అంత పెట్టగలిగినవాళ్లు, కొన్ని నెలలకే వాటిని మూసేశారు. ఇంకోపక్క కొందరు ప్రొటెస్టెంట్ ప్రచారకులు మతం మారితేనే సూపు అన్నారు. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు మాత్రం మతం అడగకుండా పెట్టారు, వాళ్ల పేరు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటారు. మతం మారి సూపు తాగిన ఇంటిని మాత్రం ఊరు మర్చిపోలేదు. అవ్వ చిన్నతనంలో కూడా ఒక కుటుంబాన్ని చాటున ‘సూపర్లు’, అంటే సూపు కోసం మతం మారినవాళ్లు, అనేవారట. వందేళ్ల తర్వాత! బిడ్డ ఆకలి చూడలేక ఏ తల్లి ఆ గిన్నె అందుకుందో. ఆమెను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఆ గిన్నె పట్టుకుని బేరమాడినవాళ్లదే పాపం.

పోయినవాళ్లలో, వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువమంది ఐరిష్ మాట్లాడే పేదలు. వాళ్లతో భాష కూడా పోయింది. మిగిలినవాళ్లు పిల్లలకి ఇంగ్లీషే నేర్పారు, ఓడెక్కితే పనికొచ్చేది అదే కాబట్టి. కొన్ని ఊళ్లలో పిల్లల మెడలో ఒక కర్ర వేలాడదీసేవాళ్లు. ఐరిష్ మాట్లాడిన ప్రతిసారీ దాని మీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి బెత్తం దెబ్బలు. నేను చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైన్. ఆ రూపాయి గుర్తొచ్చి ఇవాళ నిజంగా కడుపులో తిప్పింది.

పాప వెనక కూర్చున్న సంగతి అవ్వకి చెప్పాను. ఆమె వెంటనే ఏమీ అనలేదు. టీ పోసి, వాళ్ల నాన్న గురించి చెప్పింది. ఆమెకి పదేళ్లప్పుడు పక్క పొలం ప్రొటెస్టెంట్ రైతు చనిపోయాడు. ముప్పై ఏళ్లు ఒకరి కోతలకి ఒకరు సాయం వెళ్లిన మనుషులు. అప్పట్లో కాథలిక్కులు ప్రొటెస్టెంట్ చర్చిలో ప్రార్థనకి వెళ్లకూడదు. వాళ్ల నాన్న టోపీ చేతిలో పట్టుకుని, వానలో, గేటు బయటే నిలబడ్డాడు. శవపేటిక బయటికొచ్చాక వెనక నడిచాడు.

“మా నాన్నొక్కడే కాదు, ప్రభుత్వమే బయట కూర్చుంది” అంది. డగ్లస్ హైడ్ సంగతి. ఈ దేశపు మొదటి ప్రెసిడెంట్, ప్రొటెస్టెంట్ పాస్టరు కొడుకు, పెరిగింది ఆమె కౌంటీలోనే. షేమస్ హార్ట్ లాంటి ఊరి పేదల దగ్గర ఐరిష్ నేర్చుకుని, వాళ్ల పాటలూ కథలూ రాసుకుని, 1893లో గేలిక్ లీగ్ పెట్టి, చచ్చిపోతున్న భాషకి ఊపిరి పోసిన మనిషి. 1949 జూలైలో డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్స్ కెథడ్రల్‌లో ఆయన అంత్యక్రియల ప్రార్థన జరుగుతుంటే ప్రధాని కాస్టెల్లో, కాథలిక్ మంత్రులు బయట కార్లలోనే కూర్చున్నారు. వాళ్లలో నోయెల్ బ్రౌన్ ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఆ కెథడ్రల్ పక్కన పార్కులో ఎన్నిసార్లు పాపని ఆడించానో, ఇది తెలియకుండానే.

రాస్‌కామన్ అనగానే నాకు మార్గరెట్ కజిన్స్ గుర్తొచ్చింది. ఆమెది ఆ కౌంటీలోని బాయిల్, ప్రొటెస్టెంట్ కుటుంబం. ఆడవాళ్ల ఓటు కోసం జైలుకెళ్లింది. భర్త జేమ్స్ బెల్‌ఫాస్ట్ కవి. 1915లో ఇద్దరూ ఇండియాకి వచ్చేశారు. జేమ్స్ మా మదనపల్లె కాలేజీకి ప్రిన్సిపాల్. 1919లో టాగోర్ అక్కడికి వచ్చి జనగణమన పాడితే, ఆ స్వరాలు కాగితం మీద రాసిపెట్టింది మార్గరెట్టే. అవ్వ ఆ పేరే వినలేదట. “మా బాయిల్ పిల్లా? మీ ఊళ్లోనా?” అని మళ్లీ మళ్లీ అడిగింది. పాప చేత ఒకసారి జనగణమన పాడించుకుంది. కూర్చునే వినమన్నా వినకుండా, కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

వచ్చేటప్పుడు పాప కొత్తగా నేర్చుకున్న పలకరింపు అప్పజెప్పింది. ‘డీయా గ్విట్’, దేవుడు నీతో ఉండాలి. అవ్వ బదులిచ్చింది, ‘డీయా ఇస్ ముయిరా గ్విట్’, దేవుడూ మేరీ నీతో ఉండాలి. పాప గుమ్మంలో ఆగిపోయింది.

“నేను మళ్లీ చెప్పాలంటే?”

“ఇంకో పేరు కలపాలి. మేము పాట్రిక్‌ని కలుపుతాం. ఆ తర్వాత బ్రిజిడ్‌ని.”

“వెంకటరమణ స్వామిని కలపొచ్చా?”

ఆ పేరు ఎలా పలకాలో చెప్పమంది అవ్వ. రెండుసార్లు తప్పు పలికింది. మూడోసారి సరిగ్గా వచ్చింది.