పాత ఎక్స్‌యూవీ 500 వెతుకులాట: ముందు బాడీ, తర్వాతే ఇంజిన్

మే మొదటి వారం

ఏం కొనాలో తేలింది. ఇంట్లో ఏడుగురం: అమ్మ, నాన్న, అన్నా వదినలు, వాళ్ల పిల్లలిద్దరు, నేను. జనవరిలో మేడారం జాతరకు అన్నా నేనూ బస్సెక్కాం, మిగతావాళ్లు మా చిన్న కారులో ఇరుక్కుని వచ్చారు. ఇకపై అందరం ఒకే బండిలో పోవాలన్నది ఇంటిల్లిపాదీ ఒప్పుకున్న మాట. బడ్జెట్ ఎనిమిది లక్షలు, మరీ కాదంటే ఎనిమిదిన్నర. ఈ డబ్బుకు నాకు కనిపించిన ఇన్నోవాలన్నీ బాగా తిరిగేసినవే. ఎర్టిగా మంచి బండే కానీ, ఊళ్లో మా పొలం బాటకు ఇంకాస్త ఎత్తున్న బండి కావాలి. చివరికి మహీంద్రా ఎక్స్‌యూవీ 500 దగ్గర ఆగాను.

ఈ బండి 2011 సెప్టెంబర్‌లో వచ్చింది. బుకింగులు ఎంతగా పడ్డాయంటే 2012లో కంపెనీ లాటరీ తీసి మరీ కేటాయించింది. 2015లో ఒకసారి, 2018 ఏప్రిల్‌లో ఇంకోసారి రూపం మార్చారు. 2021లో ఎక్స్‌యూవీ 700 రావడంతో దీని కథ ముగిసింది. మొదటి డీజిల్ 140 హార్స్‌పవర్, 330 ఎన్ఎం టార్క్ (అంటే లాగే బలం). 2018 తర్వాతది 155, 360. నేను 2018 నుంచి ఉన్నవే చూస్తున్నా. పవర్ కోసం కాదు, వయసు కోసం. 2012 బండి కొంటే వచ్చే ఏడాదే పదిహేనేళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ అంటూ ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరగాలి.

తయారీ ఆగిపోయిన బండి ఎందుకు అని బంధువులందరూ అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి జవాబు వరంగల్ ఆటోనగర్‌లో దొరికింది. మా మేస్త్రీ అన్న మాట ఇది: "తమ్మీ, ఇంజిన్ సంగతి నేను జూసుకుంట. బాడీ ఒంకర వోయినదైతే మాత్రం నా దగ్గరికి తేకు."

నా తనిఖీ అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది. దీని 2.2 లీటర్ ఎంహాక్ ఇంజిన్ స్కార్పియో ఇంజిన్ కుటుంబానిదే. ఉత్తర తెలంగాణలో స్కార్పియో తిరగని మండలం లేదు కాబట్టి దాన్ని విప్పి బిగించగల చేతులు పరకాలలోనూ దొరుకుతాయి, మంచిర్యాలలోనూ దొరుకుతాయి. కానీ బాడీ అలా కాదు. స్కార్పియో నులక మంచం లాంటిది, కింద పట్టెలు వేరు, పైన అల్లిక వేరు. ఎక్స్‌యూవీ 500ది మోనోకాక్, అంటే విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. పిల్లర్ (పైకప్పును మోసే స్తంభం) గానీ ముందు ఆప్రాన్ (ఫెండర్ వెనక, ఇంజిన్ పక్కనుండే లోపలి రేకు) గానీ దెబ్బతింటే ఆ వంకర చక్రాల దాకా పోతుంది. పైగా హెడ్‌లైట్లు, లోపలి ప్లాస్టిక్ ప్యానెళ్లు, స్క్రీన్, స్విచ్‌లు ఈ మోడల్‌వే, ఇంకో బండివి సరిపోవు. అందరూ బానెట్ ఎత్తి ఇంజిన్ శబ్దం వింటూ మొదలుపెడతారు. నేను వెనక నుంచి మొదలుపెడుతున్నా.

మే మూడో వారం

కరీంనగర్ బండి. తెలుపు రంగు, ఫోటోల్లో మెరిసిపోయింది. "సింగిల్ హ్యాండ్, గీత కూడా పడలేదు" అన్నాడు కన్సల్టెన్సీ అతను.

పెయింట్ మందం కొలిచే మీటరు నా దగ్గర ఉంది, పాత బండ్లు చూసే సరదా ఉన్నవాళ్లకు ఇది ఉండాల్సిందే. కంపెనీ పెయింట్ మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. 200 దాటితే మళ్లీ రంగు వేశారన్నట్టు. 500 పైన చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే. ఇంటి పైకప్పుకు సున్నం వేసినట్టు బండి అంతా రంగు కొట్టేవాళ్లు తక్కువ కాబట్టి, ముందు రూఫ్ మీద కొలిచి దాన్నే ప్రమాణంగా పెట్టుకుంటాను. ఈ బండి రూఫ్ 118 చూపించింది. కుడి ముందు తలుపు 130. ఎడమ వెనక తలుపు 340, దాని వెనక క్వార్టర్ ప్యానెల్, అంటే వెనక చక్రం పైనుండే రేకు, 900 దాటింది.

తలుపు మార్చడం పెద్ద విషయం కాదు, దాన్ని బోల్టులతో బిగిస్తారు. క్వార్టర్ ప్యానెల్ మాత్రం బాడీకి వెల్డింగ్‌తో అతికి ఉంటుంది. తలుపు తెరిచి రబ్బరు బీడింగ్ కొద్దిగా లాగి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు ఒకే సైజులో, ఒకే ఎడంతో, చిన్న గుండ్రని గుంటల్లా వరుసగా ఉంటాయి. ఇక్కడ కుడివైపు ఆ వరుస చక్కగా ఉంది. ఎడమవైపు నాలుగైదు గుంటల తర్వాత వరుస మాయమై, గ్రైండింగ్ గీతల మీద మందంగా రంగు ఉంది. అద్దం మీది ముద్ర కూడా మిగతా అద్దాలతో కలవలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయమనలేదు. నమస్తే చెప్పి వచ్చేశాను.

పక్కనే ఇంకో బండి చూపించారు, ఢిల్లీ రిజిస్ట్రేషన్, ధర నోరూరించేలా ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద అక్కడ ఆంక్షలు పెట్టడంతో అవి మన వైపు చవగ్గా వస్తున్నాయి. కానీ అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబర్ తీసుకోవాలి. అవన్నీ కలిపి లెక్కేస్తే ఆ చవక మిగలదు. నేను పాత ఏపీ 36, టీఎస్ 03, టీఎస్ 02 లాంటి మన నంబర్లకే కట్టుబడ్డాను.

జూన్

ఈ బండి గురించి కాస్త వివరంగా రాయాలి. మన దగ్గర సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లందరికీ పనికొస్తుంది.

2023 జూలై వరదలు గుర్తున్నాయి కదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, మోరంచపల్లి మునిగింది, హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగింది. మళ్లీ 2025 అక్టోబర్‌లో మొంథా తుపానుకు నగరంలో కాలనీలకు కాలనీలు నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లలో నిలబడ్డ కార్లు ఎక్కడికి పోయాయి? కొన్ని స్క్రాప్‌కు పోయాయి, మరికొన్నింటిని కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మకానికి పెట్టారు.

నేను చూసింది నీలం రంగు బండి. పెయింట్ అంతా ఒరిజినల్, ప్యానెళ్లన్నీ సమంగా ఉన్నాయి. లోపల కూర్చోగానే ఎయిర్ ఫ్రెషనర్ వాసన ముక్కుకు గట్టిగా కొట్టింది. అనుమానం అక్కడే మొదలైంది. మధ్య వరుస సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాను. మామూలుగా వాడకంలో ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూర దగ్గర, పట్టీ అడ్డంగా ఒక మట్టి గీత కనిపించింది. గీతకు పైన నలుపు, కింద ఎర్ర చాయ. వేలితో రుద్దితే మెత్తటి మట్టి పొడి రాలింది. తర్వాత డ్రైవర్ సీటు ముందుకు జరిపి టార్చి వేసి చూశాను, సీటు పట్టాల బోల్టుల తలలకు తుప్పు. కార్పెట్ మూల ఎత్తితే కింది ఫోమ్ ఇంకా చెమ్మగా ఉంది.

ఇంజిన్ మాత్రం వెన్నలా నడిచింది. అయినా ఇలాంటిది ఎందుకు వద్దంటే, ఈ తరం బండ్లలో వైరింగ్ కట్టలు, కంట్రోల్ మాడ్యూళ్లు కార్పెట్ల కింద, సీట్ల కింద ఉంటాయి. కనెక్టర్ల పిన్నులకు పట్టిన పచ్చటి తుప్పు ఆరు నెలలకో ఏడాదికో పనిచేయడం మొదలుపెడుతుంది. ఒకరోజు ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు, ఇంకోరోజు ఎయిర్‌బ్యాగ్ లైటు. పిల్లలు కూర్చునే బండిలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందో లేదో తెలియని స్థితి నాకు అక్కర్లేదు. ధర ఇంకా తగ్గిస్తామన్నారు. ఆ బండి ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

జూన్ చివర

భూపాలపల్లి బండి, బొగ్గు లారీల దారిలో రోజూ తిరిగినది. బాడీ బాగుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే ఫిల్టర్ దాటిన లోపలి వైపు కూడా నల్లటి దుమ్ము. అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోకు ఆ దుమ్ము అందింది. మూడో గేర్లో ఎక్కుడుకు లాగమంటే వెనక నల్ల పొగ.

ఇక్కడ స్కానర్ పనికొచ్చింది. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు పెట్టే బ్లూటూత్ స్కానర్ తక్కువ ధరకే దొరుకుతుంది. అందరూ ఎర్రర్ కోడ్లు చూసి, ఏమీ లేవంటే సంతోషపడతారు. ఆ పక్కనే ఇంకో అంకె ఉంటుంది: కోడ్లు తుడిచేశాక బండి ఎంత దూరం నడిచింది అని. ఇందులో అది 6 కిలోమీటర్లు చూపించింది. నేను వస్తున్నానని తెలిశాక ఎవరో తుడిచేశారు. ఏం తుడిచారని అడిగితే జవాబు లేదు.

జూలై

హన్మకొండలోనే దొరికింది. 2018 డబ్ల్యూ7 వేరియంట్, మాన్యువల్, టీఎస్ 03, రిటైర్డ్ లెక్చరర్ గారి బండి. ఓడోమీటర్ 84 వేలు, సర్వీస్ బిల్లులన్నీ తేదీల వారీగా ఫైల్లో ఉన్నాయి. బిల్లుల మీది కిలోమీటర్లు వరుసగా పెరుగుతూ వచ్చాయా అని ఒక్కొక్కటీ చూశాను, పెరిగాయి.

పెయింట్: ముందు బంపర్, ఎడమ ఫెండర్ మళ్లీ వేసినవి. ఫెండర్ బోల్టులతో బిగించేది, దాని వెనక ఆప్రాన్ వెల్డులు చెక్కుచెదరలేదు. బెల్టులు శుభ్రం. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు వెలిగి ఆరాయి. వెలిగి ఆరడం ముఖ్యం. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమోనని అనుమానించాలి.

చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేయాలని పొద్దున్నే వెళ్లాను. టైమింగ్ చైన్ గలగల లేదు. ఆయిల్ మూత తీస్తే పొగ ఉబకలేదు. ములుగు రోడ్డు మీద గట్టమ్మ గుట్ట దాకా వెళ్లాం, అక్కడి ఎక్కుడు క్లచ్‌కు మంచి పరీక్ష. నాలుగో గేర్లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కాను. ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరి స్పీడు పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టు. దీనిలో రెండూ కలిసే పెరిగాయి. 1750 నుంచి 2800 ఆర్‌పీఎం మధ్య ఈ ఇంజిన్ లాగే తీరు చూస్తే, ఏడుగురితోనూ ఓవర్‌టేక్‌కు జంకక్కర్లేదనిపించింది. ఇంజిన్ ఆపేటప్పుడు గట్టిగా కొట్టుకుంటే ఫ్లైవీల్‌ను (క్లచ్ ఆనుకునే బరువైన చక్రాన్ని) అనుమానించాలి, క్లచ్‌తో పాటు అది కూడా మార్చాల్సి వస్తే ఖర్చు చాలా పెద్దది. శబ్దం లేదు.

తిరుగు దారిలో అద్దాలు దించి, స్పీడ్ బ్రేకర్ల మీద ఒక చక్రం ఒక చక్రంగా ఎక్కించాను. ముందు ఎడమవైపు టక్ టక్. వీల్ అలైన్‌మెంట్ షాపులో లిఫ్ట్ ఎక్కిస్తే సస్పెన్షన్‌లో లింక్ రాడ్ అరిగింది, లోయర్ ఆర్మ్ బుష్ (రబ్బరు ముక్క) పగుళ్లు పట్టింది. బరువైన బండి, ఇవి అరగడం మామూలే. డ్రైవ్ షాఫ్ట్ రబ్బర్లు బాగున్నాయి, సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ కూర్చునే కింది చట్రం) బోల్టులు ఎవరూ ముట్టుకోలేదు.

మరుసటి ఆదివారం ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాను. అమ్మ ఎడమ వైపు నుంచి రెండుసార్లు ఎక్కి దిగింది. 200 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ పొలం బాటకు వరం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కాదు. ఫుట్ స్టెప్ బిగించాల్సిందే. మూడో వరుసలో పిల్లలు హాయిగా కూర్చున్నారు, అన్న కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. అసలు ఇబ్బంది డిక్కీది. మూడు వరుసలూ వాడితే మిగిలేది 93 లీటర్లే, రెండు స్కూల్ బ్యాగులు పడితే గొప్ప. వెనక వరుస మడిస్తే 702 లీటర్లు వస్తుంది. ఏడుగురం సామానుతో పోవాలంటే పైన క్యారియర్ తప్పదు. ఇది వదినకు ముందే చెప్పాను. ఇంకో విషయం, ఆరు ఎయిర్‌బ్యాగులు పై వేరియంట్లకే, దీనికి రెండే. అందుకే మధ్య వరుసలోనూ బెల్టు పెట్టుకోనిదే బండి కదలదని ఇంట్లో నియమం పెట్టాం.

ధర ఎనిమిది లక్షల నలభై వేలు చెప్పారు. నాలుగు టైర్ల మీదా తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు 2219, అంటే 2019లో 22వ వారం. ఏడేళ్ల టైర్లు, గాడి మిగిలున్నా రబ్బరు గట్టిపడింది. 235/65 ఆర్17 సైజు, నాలుగూ మారిస్తే అరలక్ష పైమాటే. టైర్లు, లింక్ రాడ్లు, బుష్‌లు, బ్యాటరీ, అన్నీ కాగితం మీద రాసి ముందు పెట్టాను. "లెక్క సరిగ్గా ఉంది బాబూ" అని ఏడు లక్షల డెబ్భై ఐదు వేలకు ఒప్పుకున్నారు.

జూలై చివర

కాగితాల పని. బండి పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలయ్యాయి. పాత లోను తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది, కాబట్టి బ్యాంకు ఎన్‌ఓసీతో ఫారం 35 ముందు పెట్టించాను. పెండింగ్ చలాన్లు అమ్మేవాళ్లతోనే కట్టించాం. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మన పేరుకు మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌దే, బండితో రాదు, కాబట్టి ప్రీమియం తేడా ముందే లెక్కలో వేసుకోండి.

ఇంజిన్ ఆయిల్, మూడు ఫిల్టర్లు (ఆయిల్, ఎయిర్, డీజిల్), కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చేశాం. పాత ఆయిల్‌లో లోహపు పొడి లేదు. టైర్లు వచ్చాయి, లింక్ రాడ్లు, బుష్‌లు ఆటోనగర్‌లోనే దొరికాయి. ఎడమ ఫుట్ స్టెప్‌కు ఆర్డర్ ఇచ్చాం. వెనక వైపర్ మోటారు పనిచేయడం లేదు, అది హైదరాబాద్ నుంచి రావాలి. ఆర్సీ పోస్టులో వచ్చాక మొదట రామప్ప దాకా వెళ్లి, ట్యాంకు నింపి నింపి మైలేజీ కొలుస్తాను. కంపెనీ చెప్పిన లీటరుకు 15.1 కిలోమీటర్లకు మా దారుల్లో ఎంత దగ్గరగా వస్తుందో అప్పుడు రాస్తాను.