స్కోరు 4–4

మన బ్యాచ్ సంచిక కమిటీ మెసేజ్ మూడోసారి వచ్చింది. "మామా, అందరూ ఇచ్చేశారు, నీదొక్కటే బాకీ. ఆరువందల పదాల్లో ముగించు. ఒక ఫోటో పెట్టు." ఆరువందల్లో ముగించడం నా వల్ల కాదని కమిటీకి తెలుసు. సివిల్‌లో చెయిన్ సర్వేకి పద్దెనిమిది పేజీల రికార్డు రాసిన చెయ్యి ఇది. ఫోటో మాత్రం వెంటనే పంపాను. జుట్టు గురించి గ్రూపులో ఎవరూ మాట్లాడొద్దు.

కాలేజీ గురించి రాయమన్నారు. రాద్దామని కూర్చుంటే కాలేజీ కంటే ముందు అశోక్‌నగర్ సెల్లార్‌లోని పూల్ పార్లర్ గుర్తొస్తోంది. ఫస్టియర్‌లో ఏదో జరిగింది. సెకండియర్ అసలు జరిగిందో లేదో నాకు తెలీదు, మార్కుల మెమో చూస్తే జరగనట్టే ఉంది. ఫ్లూయిడ్స్ సార్ గురించీ వాటర్ ట్యాంక్ గురించీ ఎలాగూ ఇంకెవరో రాస్తారు. కప్ప సంగతి మాత్రం నాకంటగట్టొద్దు. అది నేను కాదు.

నా దగ్గరున్నది ఒక లాంగ్ నోట్‌బుక్. అట్ట మీద 'హైడ్రాలిక్స్' అని ఉంటుంది. లోపల హైడ్రాలిక్స్ మూడు పేజీలే, మిగిలిందంతా స్కోర్లు. ఆటకు నేను పనికిరానని మొదటి నెలలోనే తేలిపోయింది కదా. బోర్డు గుడ్డ చింపింది నేనే. చందా వేసి కట్టింది మీరే, థాంక్స్. అప్పట్నుంచి నాకు స్కోరు రాసే పని పడింది. గంటకి అరవై రూపాయలు, ఓడినవాడే బోర్డు డబ్బులు కట్టాలి. ఎవడెంత బాకీయో రాసే మనిషి ఒకడు ఉండాలిగా. తీన్‌మార్ గాడు ఇప్పటికీ నూట ఎనభై బాకీ. డాలస్‌లో బేస్‌మెంట్లో తొమ్మిదడుగుల బోర్డు కొనుక్కుని వీడియోలు పెడుతున్నాడు, నూట ఎనభై మాత్రం పంపడు.

సెల్లార్ చూసుకునే మన చిచ్చా అంతకుముందు ఏదో క్లబ్బులో మార్కరు, అంటే స్కోరు చెప్పి బోర్డు చూసుకునే మనిషి. చాక్ అంటిన వేళ్లతోనే బీడీ ముట్టించేవాడు. పక్కింటి సంగతి చెప్పినట్టు విల్సన్ జోన్స్ సంగతి చెప్పేవాడు. 1958లో కలకత్తాలో బిలియర్డ్స్ ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ గెలిచింది ఆయనే, ఏ ఆటలోనైనా ఒంటరిగా ప్రపంచ విజేత అయిన మొదటి ఇండియన్ ఆయనే. ఫలక్‌నుమాలో ఉన్న బోర్డుకి కవల బోర్డు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో ఉందని కూడా చిచ్చాయే చెప్పాడు. ఆ మాట తర్వాత చాలామంది నోట విన్నాను. కానీ చిచ్చా చెబితే ఆ రెండు బోర్డులకీ తనే గుడ్డ బిగించినట్టుండేది.

సమాన బరువున్న రెండు గోళాల్లో కదలకుండా ఉన్నదాన్ని రెండోది వారగా ఢీకొంటే అవి లంబకోణంలో విడిపోతాయని ఇంటర్లో బట్టీ పట్టాం. దాన్ని కళ్లతో చూసింది చిచ్చా దగ్గరే. వైట్, అంటే స్టిక్‌తో కొట్టే తెల్ల బంతి, దొర్లకుండా జారుతూ వెళ్లి తగలాలి, అప్పుడే అది తొంభై డిగ్రీల్లో పోతుంది. దొర్లుతూ తగిలితే ముందుకు లాగేస్తుంది. అందుకే కొట్టేముందు వైట్‌ని చూడమనేవాడు. "పడే బంతిని చూసి మురవకు మియా, అది ఎలాగూ పోయేదే. ఉండిపోయేదాన్ని చూడు." బోర్డు మీద రూపాయి బిళ్ల పెట్టి, బంతి పాకెట్లో వేశాక వైట్ వచ్చి ఆ బిళ్ల మీద ఆగాలనేవాడు. నాకు ఒక్కసారీ ఆగలేదు. తీన్‌మార్ కొడితే బిళ్లే కిందపడేది. బక్కోడికి మాత్రం పదికి ఎనిమిదిసార్లు ఆగేది. పదిహేడో పేజీలో రాసి ఉంది, కావాలంటే రండి చూపిస్తాను.

బక్కోడి గురించి కొత్తగా చెప్పేదేముంది. ఎడమచెయ్యి, మోచేతి దాకా మడిచిన అదే నీలం చొక్కా. షాట్‌కి ముందు బోర్డు చుట్టూ ఒక్కసారే తిరిగేవాడు, రెండోసారి తిరగడం నేను చూడలేదు. వాడు ఆడుతుంటే సెల్లార్లో ఫ్యాన్ చప్పుడు వినిపించేది. వాడికి సరిజోడు ఎవరంటే సైలెంట్ వ్యాలీ. క్లాసులో నాలుగేళ్లలో నాలుగు మాటలు మాట్లాడిన అమ్మాయి, అందులో రెండు "ప్రెజెంట్ సార్". ఆమె బంతులు పాకెట్లో వేయడం కోసం ఆడేది కాదు. వైట్‌ని తీసుకెళ్లి ఎక్కడో దాచి, పక్కకెళ్లి గోడకానుకుని, చున్నీకి అంటిన చాక్ దులుపుకునేది. అవతలివాడు చచ్చినట్టు వెతుక్కోవాలి. బక్కోడు చొక్కా కాలర్ సర్దుకున్నాడంటే ఆమె ఏదో దాచిందని అర్థం.

ఇక ఆ రోజు. 2000 ఆగస్టు 23, బుధవారం. పందెం ఏంటో మీకు తెలుసు కాబట్టి రాయను, ఈ సంచిక పిల్లలు కూడా చదువుతారు. తొమ్మిది ఫ్రేములు, అంటే తొమ్మిది ఆటలు. బక్కోడికి మొదటి మూడూ వచ్చాయి. ఆమె నిదానంగా నాలుగు లాగింది. ఎనిమిదోది బక్కోడిది. 4–4. మధ్యాహ్నం నుంచీ వాన. మెట్ల మీద నుంచి సన్నగా నీళ్లు దిగుతుంటే చిచ్చా గోనెసంచి అడ్డం వేశాడు.

తొమ్మిదో ఫ్రేమ్‌లో బక్కోడు తన వంతు చిన్న బంతులు, ఒకటి నుంచి ఏడు నంబర్లవి, ఏడూ వేసేశాడు. మిగిలింది నల్లది, అది పడితే గెలుపే. ఆమెకి పదకొండు, పద్నాలుగు నంబర్ల బంతులు మిగిలాయి. ఆమె వంతు వచ్చింది. పద్నాలుగు తేలిగ్గా ఉంది, పాకెట్ నోట్లోనే ఉంది. అది కొట్టకుండా వైట్‌ని మెల్లగా తోసి పదకొండు వెనకాల పెట్టేసింది. తీన్‌మార్ "అరె!" అని తల పట్టుకున్నాడు. నల్లది నేరుగా కనిపించదు. కుషన్‌కి, అంటే బోర్డు అంచుకి, కొట్టి వెనక్కి తెచ్చి తగిలించాలి. తగలడం వేరు, పాకెట్లో పడటం వేరు.

బక్కోడు బోర్డు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆగాడు. రెండోసారీ తిరిగాడు. (పైన రెండోసారి తిరగడం చూడలేదన్నాను, ఇదొక్కటి మినహాయింపు.) చాక్ రాశాడు, వంగాడు. స్టిక్ రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఆడింది. మూడోసారి వెనక్కి వెళ్లి ఆగింది.

కరెంటు పోయింది.

గంటసేపు కొవ్వొత్తి వెలుతురులో కూర్చున్నాం. కొవ్వొత్తి పెట్టి ఆడదామని తీన్‌మార్ అంటే చిచ్చా గుడ్డ మీద మైనం పడుతుందని కసిరాడు. ఆ వెలుతురులోనే నేను నోట్‌బుక్‌లో బోర్డు బొమ్మ గీసి బంతులు ఎక్కడెక్కడున్నాయో గుర్తులు పెట్టాను. చిచ్చా బోర్డు మీద దుప్పటి కప్పి, "సుబా ఆవో. ఎవరూ చెయ్యి పెట్టరు, నా పూచీ" అన్నాడు. బస్సుల్లేక మోకాలి లోతు నీళ్లలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాకా నడిచాం. సైలెంట్ వ్యాలీని వాళ్ల ఇంటి సందు దాకా దింపాం. మన జీవితంలో ఆమె చెప్పిన అతి పెద్ద వాక్యం అక్కడే విన్నాం: "రేపు వాడు కొట్టేటప్పుడు నేనూ ఉండాలి, నేను రాకముందు మొదలుపెట్టొద్దు."

తెల్లారేసరికి ఏమైందో ఊరందరికీ తెలుసు. బేగంపేటలో ఇరవైనాలుగు గంటల్లో 24 సెంటీమీటర్ల వాన. హుస్సేన్‌సాగర్ పొంగింది, నాలా పొంగింది, అశోక్‌నగర్, దోమలగూడ మునిగాయి. సెల్లార్ మెట్లు పైనుంచి రెండే కనిపించాయి. చిచ్చా మూడో మెట్టు ఉండాల్సిన చోటు వైపు చూస్తూ లుంగీ ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

మోటార్లు పెట్టి తోడటానికి మూడు రోజులు పట్టింది. లోపలికి దిగితే పిక్కల దాకా నల్లటి బురద. దుప్పటి ఒక మూల, రాక్‌లోని స్టిక్కులన్నీ ఒక మూల. చిచ్చా బ్లేడుతో గుడ్డ కోసి తీస్తే కింద పలక బయటపడింది. అది మూడు ముక్కల రాయి అని, ముక్కల మధ్య అతుకుని మైనంతో పూడుస్తారని అప్పుడే చూశాను. రాయికేం కాలేదు. చెక్క ఫ్రేమ్ ఉబ్బి వంకర తిరిగింది. బక్కోడు ఆ రాయి మీద అరచెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకి లాగి, అతుకు దగ్గర ఆగి, మళ్లీ లాగాడు. ఏమీ అనలేదు.

బంతులు నేనూ తీన్‌మారూ బురదలో వెతికాం. పదమూడు దొరికాయి. ఎడమవైపు మూల పాకెట్‌లో చెయ్యి పెడితే ఇంకొకటి దొరికింది. చొక్కాకి తుడిచాను. నల్లది.

ఆ అరుపు మీకందరికీ గుర్తుండే ఉంటుంది. తీన్‌మార్ బక్కోణ్ణి ఎత్తుకుని బురదలో తిప్పాడు, నాలా నీళ్లు కొట్టినా పాకెట్లో పడితే పడినట్టేనన్నాడు. సైలెంట్ వ్యాలీ మెట్ల మీద నుంచి ఒకటే అడిగింది: "వైట్ ఎక్కడుంది?" నల్లదాని వెంట వైట్ కూడా పాకెట్లో పడితే ఆట ఓడినట్టే. రెండు రోజులు వెతికాం. వైట్ దొరకలేదు. అందుకే నా పుస్తకంలో 4–4 అనే ఉంది, ఎవరొచ్చి బతిమాలినా దిద్దను.

సెల్లార్ ఓనర్ సేఠ్ మళ్లీ బోర్డు వేయించలేదు. చిచ్చా కొన్నాళ్లు కనిపించి, తర్వాత కనిపించలేదు. వెళ్లేముందు బక్కోణ్ణి బెంగళూరు వెళ్లమన్నాడు. ఆట నేర్పేవాళ్లు, ఆడేవాళ్లు అక్కడున్నారు, ఆర్నెల్లు ఉండి చూడమన్నాడు. ఆ లెక్క నా నోట్‌బుక్ చివరి పేజీలో వాడి చేతిరాతతో ఉంది: రూము, మెస్సు, బోర్డు అద్దె, స్టిక్కు. కూడిక కింద రెండు గీతలు. ఆ కింద 'జీతం' అని రాసి, ఎదురుగా సున్నా. ఆ సున్నాని దిద్ది దిద్ది కాగితానికి చిల్లు పడింది.

2001లో కాలేజీ నుంచి బయటికొచ్చేసరికి డాట్‌కామ్ బుడగ పగిలింది. ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టుకుని జాయినింగ్ డేట్ కోసం ఎదురుచూశాం. ఆ వరసలో నేనూ ఉన్నాను. బక్కోడు వరసలో లేడు. మన సెల్లార్‌నే సున్నం వేయించి గ్రూప్స్ పిల్లలకి రీడింగ్ రూమ్ చేశారు. వాడు అందులోనే కుర్చీ తీసుకుని ఏఈఈ (ప్రభుత్వ ఇంజనీరు ఉద్యోగం) పరీక్షకి చదివాడు. బోర్డు ఉన్న చోటే నీ కుర్చీ పడిందా అనడిగితే, "కాదు, నువ్వు కూర్చుని లెక్కలు రాసే మూల" అన్నాడు. సైలెంట్ వ్యాలీ ఇన్‌కమ్ టాక్స్‌కి వెళ్లింది, అక్కడ దాచినవి వెతుకుతోంది. ఆట ఎందుకు మానేశావని ఒకసారి అడిగాను. "మిగతా పార్లర్లలో బంతిని ఎవరూ చూడట్లేదు, నన్ను చూస్తున్నారు" అంది. క్లబ్బుల్లో బోర్డులున్నాయి, మన తాహతుకి సభ్యత్వాలు లేవు.

2003లో పంకజ్ అడ్వాణీ చైనాలో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిల్ గెలిచినప్పుడు మనవాళ్లు ఎంతమంది బక్కోడికి ఫోన్ చేసి "నువ్వే ఉండాల్సింది రా" అన్నారో నాకు తెలుసు. నేనూ చేశాను, సిగ్గుపడుతున్నాను. పద్దెనిమిదేళ్ల ఆ కుర్రాడు చిన్నప్పట్నుంచీ రోజుకి ఎన్ని గంటలు బోర్డు దగ్గర ఉండి ఉంటాడు! మనం వారానికి మూడు గంటలు, అదీ అప్పుమీద. టాలెంట్ వేస్ట్ అయిందని గ్రూపులో రాస్తారే, ఆ మాట నాకు నచ్చదు. 2009లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ పోటీలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి, ఇంగ్లండ్ ఆటగాడు ఆల్ఫీ బర్డెన్ గెలిచాడు. రమ్మని పిలిస్తే బక్కోడు, "కాలువ పని నడుస్తోంది, ఐదు వేల మీటర్లకి ఒక మీటరు వాలు రావాలి, నేను కదిలితే మేస్త్రీ అర మీటరు మింగేస్తాడు" అన్నాడు.

నా సంగతి కూడా రాయమన్నారు కదా. చిన్న స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ, పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. అమ్మాయి వరంగల్‌లో సివిలే చదువుతోంది, నేను చెప్పలేదు, తనే తీసుకుంది. పోయినేడు నల్లగండ్లలో ఫ్లాట్‌లోకి దిగాం. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పూల్ బోర్డు ఉంది. దాని మీద పిల్లలు స్కూలు బ్యాగులు పెడతారు. గృహప్రవేశం రోజు పొద్దున్నే ఆ బ్యాగులు తీయించి, నోట్‌బుక్ ముందు పెట్టుకుని బంతులు పేర్చాను. నల్లది, పదకొండు, పద్నాలుగు, వైట్. ఆమెకి ఢిల్లీలో ట్రైనింగ్, రాలేదు. బక్కోడు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు.

"వైట్ పదకొండుకి అంటుకుని లేదు రా. మధ్యలో చాక్ ముక్క పట్టేంత సందుంది," అని వేలితో జరిపాడు. స్టిక్ అందించాను. తీసుకోలేదు. వంగి బోర్డు అంచుకి కన్ను ఆనించి చూసి, "ఎడమ మూలకి వాలుంది. దీని మీద తేలదు," అన్నాడు. అని పైకి భోజనానికి వెళ్లాడు. గుత్తివంకాయ రెండుసార్లు వేయించుకున్నాడు.

రాత్రి అందరూ వెళ్లాక కిందికి వచ్చి, వైట్‌ని మధ్యగీత మీద పెట్టి వేలితో మెల్లగా తోశాను. సగం దాకా తిన్నగానే వెళ్లింది. తర్వాత ఎడమకి తిరిగింది.