ఆవిరిని మర్చిపోయిన మోడల్

ఎమ్‌డీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కి చేసే) బోర్డు తయారీకి నేను మొదట రాసిన కంప్యూటర్ మోడల్ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చెక్క నారకి జిగురు పట్టించి పరుపులా పరుస్తారు, దాన్ని 190 డిగ్రీల ప్లేట్ల మధ్య పెట్టి నొక్కుతారు, వేడికి జిగురు గట్టిపడుతుంది, అంతే కదా అనుకున్నాను. వేడి పదార్థం గుండా ఎలా పాకుతుందో చెప్పే ఉష్ణవహన సమీకరణం ఒక్కటే పెట్టి రన్ చేస్తే, 18 మిల్లీమీటర్ల బోర్డు నడిమధ్య 100 డిగ్రీలు అందుకోవడానికి మూడు నిమిషాల పైనే పడుతుందని తేలింది. పరుపు మధ్యలో దూర్చిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) మాత్రం దాదాపు సగం టైములోనే 100 దాటేసింది. రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. కోడ్ బాగానే ఉంది, నేను వదిలేసింది నీళ్లని.

నార పొడిగానే కనిపిస్తుంది కానీ అందులో పది శాతం దాకా తేమ ఉంటుంది. ప్లేటు తగలగానే పై పొరలోని తేమ ఆవిరై, ఇంకా చల్లగా ఉన్న మధ్యభాగానికి పరిగెత్తి, అక్కడ మళ్లీ నీరై, మోసుకొచ్చిన గుప్తోష్ణాన్ని, అంటే ఆవిరయ్యేటప్పుడు పీల్చుకున్న వేడిని, అక్కడే దింపేస్తుంది. (పరుపు పైన కావాలని నీళ్లు చిలకరించడం కూడా ఇందుకే, నేనేమో అది దుమ్ము లేవకుండా అనుకున్నా!) ఆ తర్వాత 100 దాటాక ఉష్ణోగ్రత గ్రాఫ్ కాసేపు పైకి కదలనంటుంది, వచ్చిన వేడంతా ఆ నీటిని మళ్లీ మరిగించడానికే పోతుంది మరి.

ఆవిరి ప్రవాహానికి డార్సీ నియమం (సందులున్న పదార్థం గుండా ఒత్తిడి తేడా వల్ల ప్రవాహం ఎంత వేగంగా సాగుతుందో చెప్పేది) పెట్టుకున్నాను. అక్కడ మొదలైంది అసలు తలనొప్పి. నొక్కేకొద్దీ నారల మధ్య సందులు మూసుకుపోతాయి, ఆవిరి దారి ఇరుకవుతుంది, అదీ అన్నిచోట్లా ఒకేలా కాదు: పై పొరలు ముందు వేడెక్కి మెత్తబడి ఎక్కువ నలుగుతాయి, అందుకే బోర్డు కోసి చూస్తే పై, కింది పొరలు గట్టిగా, మధ్య కాస్త గుల్లగా ఉంటుంది. ఆవిరి చివరికి పక్కల నుంచే బయటపడాలి. చదరపు మీటరు బోర్డులో కిలోకు పైగా నీళ్లున్నాయి, ఆవిరైతే మామూలు పీడనంలో దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి. జిగురు పట్టు బిగియకముందే, లోపలి ఒత్తిడి తగ్గకముందే ప్రెస్ తెరిస్తే బోర్డు ధబ్‌మని మధ్యకి చీలుతుంది. అలాగని పది సెకన్లు ఎక్కువ ఉంచితే ప్రొడక్షన్ వాళ్లు ఊరుకోరు, మోడల్‌ని వాళ్లు అడిగేది కూడా ఆ పది సెకన్ల గురించే.

పారగమ్యత (నారల సందుల్లోంచి ఆవిరి ఎంత తేలిగ్గా పోగలదో చెప్పే) విలువని కాస్త అటూ ఇటూ జరిపి 18 మిల్లీమీటర్ల గ్రాఫ్‌ని థర్మోకపుల్ గీత మీద కూర్చోబెట్టాను, చాలా సంబరపడ్డాను కూడా. నిన్న అదే విలువతో మరింత సాంద్రత ఉన్న బోర్డు రన్ చేశాను. అస్సలు కలవలేదు.