పాపకు జ్వరం వచ్చిన రోజు

"నువ్వు ఈ రోజు సెలవులో ఉన్నావు కదా, మరి మీటింగ్‌లోకి ఎందుకు వచ్చావు?"

మా మేనేజర్ ఈ మాట అందరి ముందూ అనలేదు. మీటింగ్ అయిపోయాక విడిగా ఫోన్ చేసి అడిగారు. గొంతు పెంచలేదు కానీ మందలింపే అది.

ఫిబ్రవరి నెల, స్వీడన్‌లోని స్టాక్‌హోమ్. బయట మైనస్ 8 డిగ్రీలు. నాలుగేళ్ల మా పాపకు ముందు రోజు మధ్యాహ్నం నుంచి జ్వరం. బడివాళ్లు ఫోన్ చేసి తీసుకెళ్లమన్నారు. మా ఆవిడకు ఆ వారం ఆఫీసులో తప్పించుకోలేని పని, అందుకని నేను ఇంట్లో ఉండిపోయాను. పాపను ఒళ్లో పడుకోబెట్టుకొని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని, కెమెరా ఆపేసి మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరో ఏదో అడిగితే జవాబు కూడా చెప్పాను. అప్పుడే పాప దగ్గింది. ఆ దగ్గు మా మేనేజర్‌కు వినిపించింది.

మెచ్చుకుంటారనుకున్నాను నేను. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు పనిచేసి వచ్చినవాణ్ని. ఇంట్లో ఎవరికి ఎలా ఉన్నా లాగిన్ అయితే అక్కడ మంచి పేరు. పాప పుట్టిన రోజు ఆస్పత్రి వరండాలో కుర్చీ మీద లాప్‌టాప్ పెట్టుకొని రిలీజ్ పని పూర్తిచేశాను. ఆ సంగతి తర్వాత చాలామందికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మేనేజర్ ఇంకో మాట అన్నారు. "నువ్వు ఇలా చేస్తే, రేపు మన టీమ్‌లో ఇంకొకరి బిడ్డకు జ్వరమొస్తే వాళ్లూ ఇలాగే కూర్చోవాలనుకుంటారు. అది నాకు ఇష్టం లేదు. లాప్‌టాప్ మూసెయ్, పాపను చూసుకో."

మూసేశాను. కానీ మనసులో చాలాసేపు కోపం తగ్గలేదు. బాధ్యతగా ఉన్నందుకు మాట పడ్డానే అని.

ఇక్కడ దీనికి 'వాబ్' అని పేరు. బిడ్డకు బాగోలేనప్పుడు అమ్మో నాన్నో పని మానుకొని ఇంట్లో ఉండటం. ఏడాదికి ఒక్కో బిడ్డకు 120 రోజుల దాకా ఇలా ఉండొచ్చు. జీతంలో దాదాపు 80 శాతం, ఒక పరిమితికి లోబడి, ప్రభుత్వ బీమా సంస్థ ఇస్తుంది. మొదటి ఏడు రోజులకు డాక్టర్ సర్టిఫికెట్ కూడా అడగరు. ఫిబ్రవరిలో పిల్లలకు జలుబు, జ్వరాలు ఎంత ఎక్కువంటే, 'వాబ్', ఫిబ్రవరి కలిపి ఆ నెలనే 'వాబ్రువారి' అని పిలుచుకుంటారు. పని మానుకున్నందుకు ఇచ్చే డబ్బు కాబట్టి ఆ రోజు పని చెయ్యకూడదు. ఈ రూల్స్ అన్నీ నాకు ముందే తెలుసు. సెలవు ఫారం నింపింది నేనే. అయినా అది నిజంగా సెలవని, బిడ్డ దగ్గర కూర్చోవడం ఒక పూర్తి పని అని నా ఒంటికి ఎక్కలేదు.

మా ఆఫీసులో మధ్యాహ్నం మూడున్నరకే లేచి వెళ్లే తండ్రులున్నారు. పిల్లలకు ఎనిమిదేళ్లు నిండేదాకా పని గంటలను నాలుగో వంతు తగ్గించుకునే హక్కు ఉంది, జీతం ఆ మేరకు తగ్గుతుంది. వాళ్లు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోరు. "బడి నుంచి తీసుకురావాలి" అని నిటారుగా నడిచి వెళ్తారు. తల్లికీ తండ్రికీ సమానంగా పిల్లల కోసం సెలవులిచ్చే చట్టం ఇక్కడ 1974లోనే వచ్చింది. అంటే మా ఆఫీసులో నలభై ఏళ్ల మనిషి, వాళ్ల నాన్న ఇంట్లో ఉండి స్నానం చేయిస్తే పెరిగిన మనిషి అయ్యుండొచ్చు.

అక్కడికి వచ్చేసరికి నాకు మా బాపు గుర్తొస్తాడు. మనసు ఒప్పుకోదు.

మా బాపు ఆర్టీసీ డిపోలో మెకానిక్. హనుమకొండలో మా ఇల్లు. నైట్ డ్యూటీ చేసి పొద్దున వచ్చేవాడు, మేము బడికి పోయే టైమ్‌కి నిద్రపోయేవాడు. చేతులు ఎంత కడిగినా డీజిల్ వాసన పోయేది కాదు. ఓవర్‌టైమ్ దొరికితే ఒక్కటి కూడా వదల్లేదు, మా ఇద్దరి ఫీజుల కోసం. ఆయన నాకు ఒక్కసారి కూడా అన్నం తినిపించినట్టు గుర్తులేదు. అట్లాగని ఆయనకు ప్రేమ తక్కువని ఎవరైనా అంటే ఊరుకోలేను.

నాకు లోటేమీ తెలియలేదు కూడా. జ్వరమొస్తే మంచం చుట్టూ ఐదుగురుండేవాళ్లు. నాయనమ్మ కాళ్ల దగ్గర, పెద్దమ్మ తల దగ్గర. పక్కింటామె తులసాకు తెచ్చి ఇచ్చి, అక్కడే కూర్చొని చిక్కుడుకాయలు తుంచేది. నాన్న ఉండాల్సిన చోటు ఖాళీగా ఉందని కనపడనిచ్చేవాళ్లు కాదు. ఇక్కడ మేముండేది మూడో అంతస్తు. ఎదురింటి వాళ్లు లిఫ్ట్‌లో నవ్వుతారు, మంచివాళ్లే. మా పాపకు రెండు రోజులుగా జ్వరమని వాళ్లకు తెలియదు, తెలిసే దారీ లేదు. ఇక్కడ నేను లేస్తే ఆ మంచం దగ్గర ఇంకెవరూ లేరు. మా నాయనమ్మ, పెద్దమ్మ, పక్కింటామె చేసిన పనంతా ఇక్కడ ఒక చట్టం చేస్తోందని అనిపిస్తుంది నాకు. మంచి చట్టం. కానీ తులసాకు తేలేదు కదా.

2024 జులై నుంచి ఇంకో మార్పు వచ్చింది. ఈ జ్వరాల సెలవు కాక, బిడ్డను పెంచడానికి అమ్మానాన్నలిద్దరికీ కలిపి మొత్తం 480 రోజుల పేరెంటల్ లీవ్ ఉంటుంది, అందులో కొన్ని రోజులను అమ్మానాన్నలు వేరేవాళ్లకు, అంటే తాతకో నాయనమ్మకో కూడా బదలాయించొచ్చు. ఒక్కొక్కరు 45 రోజుల దాకా. ఆ వార్త చదివి ఎంత సంతోషపడ్డానో! కింద వివరాలు చూస్తే, ఆ మనిషి ఇక్కడి బీమాలో ఉండాలి. మా అమ్మ వచ్చేది విజిటర్ వీసా మీద, 90 రోజులకు. తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో పాప చెయ్యి విడిపించుకోలేక ఇద్దరూ ఏడ్చారు.

సరే, లాప్‌టాప్ మూసేశాక ఏం జరిగిందో చెప్తాను.

పాప లేచి, "నా రాళ్లు కావాలి" అంది. ఏ రాళ్లు? ఇక్కడ పిల్లలను ఎంత చలిలోనైనా బడివాళ్లు బయట ఆడిస్తారు. ఒంటినిండా ఓవరాల్, చేతులకు గ్లవ్స్, బూట్లు వేసి మంచులోకి వదులుతారు. ఆ ఓవరాల్ జేబుల్లో సాయంత్రం రోజూ ఏదో ఒకటి ఉంటుంది, గులకరాళ్లు, పుల్లలు, పైన్ కాయలు. ఇంటికి రాగానే ఓవరాల్ దులిపి వాటిని చెత్తబుట్టలో పడేసేది నేనే. రెండేళ్లుగా అదే చేస్తున్నాను. ఆ రోజు అదృష్టం బాగుండి, జ్వరం హడావిడిలో దులపలేదు. జేబులో ఐదు రాళ్లున్నాయి.

వాటిని దుప్పటి మీద వరసగా పెట్టింది. ఒకటి వాళ్ల స్నేహితురాలు ఇచ్చిందట. ఒకటి ఏడుస్తుంటే టీచర్ చేతిలో పెట్టిందట. ఒకటి నాయనమ్మ కోసం. "నీళ్లు తే నాన్నా" అంది. స్టీలు గిన్నెలో నీళ్లు తెచ్చాను. బూడిద రంగులో, దేనికీ పనికిరాదన్నట్టున్న ఒక రాయిని అందులో వేసింది. వెయ్యగానే అది గులాబీ రంగుకు తిరిగింది, మధ్యలో తళుకు తళుకుమనే నల్లటి చుక్కలు. "చూశావా, దాక్కుంది" అంది. తీసి ఆరబెట్టింది, మళ్లీ బూడిద రంగు. మళ్లీ ముంచింది. ఒళ్లు కాలిపోతోంది దానికి, కళ్లు మాత్రం గిన్నెలోనే ఉన్నాయి. ముప్పావు గంట అదే ఆట. నేను గడియారం చూడలేదు, తర్వాత లెక్కేసుకున్నాను.

ఇలాంటి రాళ్లు ఎన్ని పారేశానో.

పన్నెండింటికి అమ్మ వీడియో కాల్ చేసింది. మాకు మధ్యాహ్నం, వాళ్లకు నాలుగున్నర.

"ఏంది బిడ్డా, నువ్వు ఇంట్ల ఉన్నవ్? కొలువుకు పోలేదా? ఏమన్న అంటరేమో, పైలం."

"ఏమనరమ్మా. ఉండమనే చెప్పారు."

అమ్మ నమ్మలేదు. ఇంక అడగలేదు కూడా. లోపలికి పోయి గుప్పెడు ఉప్పు తెచ్చి, ఫోన్ ముందు మూడుసార్లు తిప్పింది. పాప తన వంతుగా తలను గుండ్రంగా తిప్పింది, నాయనమ్మ చెయ్యి ఎటు పోతే అటు. అమ్మ ఉప్పు తీసుకొని పెరట్లోకి వెళ్లిపోయింది. ఫోన్ బాపు చేతికి వచ్చింది.

రిటైర్ అయ్యి ఆరేళ్లయింది ఆయనకు. ఫోన్‌లో మాట్లాడటం ఆయనకు రాదు, "మంచిగున్నరా" అంటాడు, అంతే. ఆ రోజు మాత్రం, "జీతం కోస్తరా?" అని అడిగాడు. ఎంత ఇస్తారో చెప్పాను. పిల్ల దగ్గర ఉన్నందుకే ఇస్తారని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు.

"నీకు మూడో తరగతిల టైఫాయిడ్ అయింది," అన్నాడు. "పదిరోజులు పండినవట. మీ అమ్మ చెప్తది. నాకు ఏం యాదికి లేదు. డ్యూటీల ఉన్న."

ఏమనాలో తోచలేదు. "నాకూ యాది లేదు బాపూ" అన్నాను.

అప్పటికి అన్నం మెత్తగా ఉడికింది. చారు పోసి, చల్లార్చి, ముద్దలు చేసి పెడుతున్నాను. ఫోన్ తీసేయబోతుంటే బాపు ఆపాడు.

"పెట్టేయకు. ఆడ్నే పెట్టు. పిల్ల తినేది చూస్త."

చక్కెర డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టాను. ఇది నాయనమ్మ ముద్ద, ఇది అమ్మ ముద్ద, ఇది తాత ముద్ద. తాత ముద్దకు పాప ఫోన్ వైపు తిరిగి నోరు తెరిచింది. బాపు కూడా అక్కడ కొంచెం నోరు తెరిచాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవరం ఏమీ మాట్లాడలేదు.